జానెడు ఎడం

రేగడిపాలెంలో జక్రయ్యకు ఇంటిపేరు ఒకటుందని చర్చి రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరివాళ్ళకీ పల్లెవాళ్ళకీ ఆయన నీళ్ళ జక్రయ్య. చిలకలూరిపేట బస్సు దిగి మెట్ట డొంకన రెండు మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళకు ఊరికన్నా ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు కనిపిస్తుంది. దాని నీడలో, వాల్వు తిప్పే ఇనప చువ్వ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న బక్కపలచటి మనిషే జక్రయ్య.

ట్యాంకు కట్టింది ఎనభై రెండులో. అంతకుముందు ఊరికి మంచినీళ్ళ బావి, పల్లానికి ఉన్న క్రైస్తవుల పల్లెకు చెరువు. చెరువు అడుగంటిన ఎండాకాలాల్లో పల్లె ఆడవాళ్ళు బావి దాకా వెళ్ళి, చప్టాకు ఎడంగా కడవలు దించి నిలబడేవారు. ఊళ్ళో ఏ చల్లని తల్లికో దయ కలిగితే చేద పైకెత్తి పోసేది. చేద కడవకు తగలకూడదు. రెండింటి మధ్యా జానెడు ఎడం ఉండాలి. గాలి వీచిందంటే సగం నీళ్ళు నేలపాలే. జక్రయ్య తల్లి ఆ మిగిలిన సగంతోనే నలుగురు పిల్లల్ని పెంచింది. అందుకే ట్యాంకు కట్టి, లైను చివర పల్లెకు కూడా ఒక కుళాయి వేసిననాడు, ఆయన ఆ బురదలోనే మోకాళ్ళూని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. ఆ ట్యాంకుకే తనను పనివాడిగా పెట్టుకోవడం దేవుడు తనకు అప్పగించిన సేవ అనుకున్నాడు.

సేవలాగే చేశాడు. పొద్దున ఆరింటికి, సాయంత్రం నాలుగింటికి వాల్వు తిప్పేవాడు. తిప్పి ఊరుకునేవాడు కాదు. లైను వెంబడి నడుచుకుంటూ పల్లెకు పోయి, చివరి కుళాయి విప్పి, కాసేపు వదిలేసి, దోసిలి పట్టి మొదటి దోసెడు నీళ్ళు తానే తాగేవాడు. ఆ తరవాత పక్కకు జరిగి "ఊఁ, పట్టుకోండి తల్లీ" అనేవాడు. అప్పటిదాకా ఏ ఆడమనిషీ కుళాయి కింద బిందె పెట్టేది కాదు. ఎవరూ పెట్టిన కట్టుబాటు కాదది, అలా అలవాటైపోయింది.

"ఈయన ఎంగిలి చేస్తేగానీ మన పల్లెకు దాహం తీరదర్రా" అనేది ఆయన భార్య ఎలీసమ్మ, వరసలో నిలబడి. వరసంతా నవ్వేది. జక్రయ్య కూడా నవ్వేవాడు.

రెండేళ్ళు అలా జరిగాయి. మూడో ఏట, మిరపతోటలకు మందులు కొట్టే రోజుల్లో, ఒక పొద్దున చివరి కుళాయిలోంచి నీళ్ళు పాలు కలిపినట్టు వచ్చాయి. దోసిలి నోటిదాకా వెళ్ళేసరికి ముక్కు ఘాటెక్కింది. ఆయన నీళ్ళు ఉమ్మేసి, ఆడవాళ్ళను వెనక్కి జరగమని, అరగంట సేపు కుళాయి వదిలేశాడు. నీళ్ళు తేటపడ్డాక మళ్ళీ తానే తాగి చూసి, అప్పుడు పట్టుకోమన్నాడు. తరవాత లైను వెంట ఒక్కో ఇల్లే చూసుకుంటూ మీదికి నడిచాడు.

యలమందయ్యగారి దొడ్లో సంగతి తెలిసింది. యలమందయ్య ఊళ్ళో పెద్ద రైతు. ఇరవై ఎకరాల పత్తి, పది ఎకరాల మిరప. దొడ్లో కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, దాన్ని మందు కలిపే డ్రమ్ములో అడుగుదాకా దించి ఉంచారు. పైనుంచి పోస్తే మందు నురగ లేచి కళ్ళల్లో చిందుతుందని గొట్టం ముంచి పట్టడం ఊళ్ళో అందరి పద్ధతీ. రాత్రి నిండుగా వదిలిన డ్రమ్ము పొద్దునకు జానెడు దిగిందనీ, ఎక్కడా చిల్లు లేదనీ పాలేరు బుల్లయ్య ఆశ్చర్యపోతున్నాడు.

జక్రయ్య ఆ డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఎనిమిదో తరగతి దాకా మిషను బడిలో చదివినవాడు. డబ్బాలోంచి కిరసనాయిలు తీసేటప్పుడు గొట్టం పెట్టి నోటితో ఒక్క పీల్పు పీల్చి వదిలితే, ఇక అదే కారిపోతుంది. ఇదీ అంతే. ట్యాంకు వాల్వు కట్టేశాక గొట్టాల్లో మిగిలిన నీళ్ళు పల్లానికి జారతాయి. పల్లె కుళాయి విప్పి ఉంటే అందులోంచి పోతాయి. పోతూ పోతూ, మీదున్న కుళాయిల్లోంచి పీల్చుకుంటాయి. కుళాయికి గొట్టం లేకపోతే గాలి పీలుస్తాయి. గొట్టం మందులో మునిగి ఉంటే మందే పీలుస్తాయి. పీల్చే నోరు పల్లెది. కారి వచ్చేదీ పల్లెకే.

యలమందయ్య మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. జక్రయ్య చేతులు కట్టుకుని, తాను చూసింది చూసినట్టు చెప్పి, చివరికి అసలు మాట అన్నాడు.

"గొట్టం నీళ్ళలో ముంచొద్దండయ్యా. నీళ్ళకీ గొట్టం మూతికీ జానెడు ఎడం ఉంచండి. అంతే చాలు."

యలమందయ్య గ్లాసు దించాడు. "ఏంట్రా, ఎడమా?"

"అవునండి. జానెడు ఎడం."

"మా అమ్మ మీ అమ్మకు ఎడంగా పోసిందని ఇన్నాళ్ళకు కసి తీర్చుకుంటున్నావట్రా జక్రయ్యా? మా దొడ్లో మా నీళ్ళకు మేం ఎడంగా ఉండాలా?"

దొడ్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. జక్రయ్యకు ఒక్క క్షణం ఏం అర్థం కాలేదు. ఆ మాట తన నోటి నుంచి వస్తే ఎలా వినపడుతుందో ఆయనకు అప్పటిదాకా తట్టనేలేదు. తల్లి కడవ పెట్టుకుని నిలబడ్డ రోజులనుంచీ ఎడం అనేది ఊరు పల్లెకు చెప్పిన మాటే. పల్లె ఊరికి చెప్పడం అదే మొదలు.

యలమందయ్య చెడ్డవాడని చెప్పడానికి లేదు. తుపానుకు జక్రయ్య ఇంటి కప్పు లేచిపోతే అడక్కుండానే రెండు బళ్ళ తాటాకు పంపించినవాడు. కానీ ఆ రోజు నుంచి ఆ మాట ఊళ్ళో తిరిగింది. జక్రయ్య ఏ దొడ్లోకి వెళ్ళినా, నోరు విప్పకముందే "ఎడంగా ఉండి చెప్పు" అని ఎగతాళి.

ఒక్క ఇంట్లోనే విన్నారు. ఊరి దిగువన, పల్లె దారి మొదట్లో బడిపంతులు రాధాకృష్ణమూర్తిగారి ఇల్లు. ఆయన భార్య జ్ఞానప్రసూనాంబగారు జక్రయ్య చెప్పింది చివరిదాకా విని, బకెట్టు కిందున్న పీట తీసేసి, కుళాయికి బకెట్టుకూ మధ్య జాన పెట్టి కొలిచింది.

"మా అత్తగారు మడి కట్టుకుంటే మమ్మల్ని దరిదాపులకు రానిచ్చేది కాదు. నువ్వు కుళాయికి మడి కట్టమంటున్నావు. అంతేనా జక్రయ్యా?"

"అంతేనండమ్మగారూ. కుళాయి మూతి కింది నీళ్ళకు తగలగూడదు. తగిలితే మైలే."

"ఆ మాటే చెప్పు అందరికీ. తెలిసిన మాటైతే వింటారు."

ఆమె మంచి మనసుతోనే చెప్పింది. జక్రయ్య కూడా నమ్మి, కుళాయికి మడి అంటూ ఇల్లిల్లూ తిరిగాడు. కాఫీ హోటల్లో దానికి ఇంకా పెద్ద నవ్వు లేచింది. పల్లె జక్రయ్య ఊరికి మడి నేర్పుతున్నాడట, రేపు జంధ్యం కూడా వేస్తాడట అని. ఎడమంటే కోపం, మడి అంటే నవ్వు. మూడో మాట ఆయన దగ్గర లేదు.

పంతులుగారి చేత అర్జీ రాయించాడు. మోటార్లకు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది, ఎక్కిన నీటిని వెనక్కి పోనివ్వదు. అలాంటిదే ప్రతి కుళాయికీ ఒకటి బిగిస్తే మందు లైనులోకి రాదని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చారాయన. ప్రెసిడెంటు జానకిరామయ్యగారు చదివి, బాగుందని మెచ్చుకుని, పైకి పంపించారు. ఇంజనీరు ఒకసారి జీపులో వచ్చాడు. జక్రయ్య చెప్పిందంతా శ్రద్ధగా విని, నువ్వు చెప్పేది నిజమేనయ్యా, కానీ పథకంలో లేదు కదా అని భుజం తట్టి వెళ్ళాడు. మరుసటేడు ఆయనకు బదిలీ అయింది. అర్జీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

అప్పుడు జక్రయ్య గంట కట్టాడు. రైలుపట్టా ముక్క ఒకటి సంపాదించి ట్యాంకు స్తంభానికి వేలాడదీసి, వాల్వు కట్టడానికి పది నిమిషాల ముందే దాన్ని కొట్టేవాడు. గంట వినగానే గొట్టాలు పైకి తీస్తారని ఆయన ఆశ. జరిగింది వేరు. గంట మోగితే నీళ్ళు ఆగిపోతాయని జనానికి తెలిసిపోయింది. మోగీ మోగగానే, గొట్టం పెట్టనివాళ్ళు కూడా ఉరుకులు పరుగుల మీద వచ్చి, ఉన్న కాస్తా నింపుకుందామని డ్రమ్ముల్లో గొట్టాలు ముంచడం మొదలుపెట్టారు. ఆయన గంటే మందులోకి గొట్టాలు దింపింది. నాలుగు రోజులు చూసి, రైలుపట్టా విప్పి ట్యాంకు కింద పడేశాడు.

ఇక మిగిలింది ఆ మొదటి దోసెడే. దాన్ని మాత్రం ఒక్కపూట కూడా తప్పలేదు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని వచ్చేవాడు. కొన్ని పొద్దుల్లో వాసన వచ్చేది, వదిలేసి వదిలేసి తేటపడ్డాక పట్టుకోమనేవాడు. అలా మూడేళ్ళు కాపు కాశాడు.

ఎనభై ఏడులో పత్తికి తెల్లదోమ పడింది. చేలకు చేలు నల్లగా మసి పట్టాయి. ఏ మందుకూ దోమ చావలేదు. రెండు మూతలు పోసే చోట నాలుగు, నాలుగు పోసే చోట సీసాకు సీసా కుమ్మరించారు. తెల్లారితే ప్రతి దొడ్లోనూ డ్రమ్ము, డ్రమ్ములో గొట్టం.

క్రిస్మస్ ఇంకా ఆరు వారాలుందనగా, ఒక సాయంత్రం. ఆ రోజు పొద్దుటినుంచీ కరెంటు లేదు. ట్యాంకులో సగమే నీళ్ళున్నాయి. అయినా నాలుగింటికి వాల్వు విప్పి, ఆ నీళ్ళు ఎంతసేపు వస్తాయోనని ట్యాంకు దగ్గరే ఆగాడు. విప్పిన ఇరవై నిమిషాలకే అనుమానం వచ్చి నిచ్చెన ఎక్కి చూస్తే అడుగున ఒండ్రు కనిపిస్తోంది. తాను కట్టకుండానే లైను ఖాళీ కాబోతోంది. ఊళ్ళో పద్నాలుగు దొడ్లలో గొట్టాలు మునిగి ఉన్నాయి. పల్లెలో ఆడవాళ్ళు కుళాయి విప్పి, దాని దగ్గర చేరి ఉంటారు. ట్యాంకు వట్టిపోయినా పల్లపు కుళాయికి ఇంకాసేపు నీళ్ళు వస్తూనే ఉంటాయి. ఆ వచ్చేవి ఏ నీళ్ళో ఆయనకు తెలుసు.

చేయవలసింది ఒక్కటే. పరుగెత్తుకెళ్ళి పల్లె కుళాయి కట్టేయాలి. కింద నోరు మూస్తే మీద ఏ గొట్టమూ పీల్చదు.

పరుగెత్తాడు. దారి యలమందయ్య దొడ్డి పక్కనుంచే. ప్రహరీ మీదుగా డ్రమ్ము కనిపించింది. అప్పుడే సీసా కుమ్మరించారు, పాలలా ఉంది. గొట్టం అడుగుదాకా మునిగి ఉంది. ఆయన కాళ్ళు ఆగిపోయాయి. దాన్ని చూసి దాటిపోలేకపోయాడు. దొడ్లోకి దూకి గొట్టం పట్టి లాగాడు. గొట్టాన్ని కదలకుండా డ్రమ్ము చెవికి తాడుతో కట్టి ఉంచారు. లాగిన ఊపుకు డ్రమ్ము దొర్లి మందంతా దొడ్డిపాలైంది.

యలమందయ్య వచ్చి జక్రయ్య భుజం మీది తువ్వాలు పట్టుకుని ఆపాడు.

"చేను చచ్చిపోతుంటే మందు పారబోస్తావట్రా? ఎక్కడికి పోతావు, నిలబడు."

"వదలండయ్యా, కింద కుళాయి కట్టాలి."

"కడుదువులే. ముందు ఇది ఎత్తు."

జక్రయ్య డ్రమ్ము ఎత్తాడు. బుల్లయ్య బావి నీళ్ళు తోడి తెచ్చేదాకా, మళ్ళీ సీసా మూత తీసి కలిపేదాకా, ఒలికిన మందు మీద మట్టి పోసేదాకా ఆయన్ను కదలనివ్వలేదు. పావుగంట. మిగతా పదమూడు గొట్టాలకు పావుగంట చాలు.

పల్లెలో కుళాయి దగ్గర ఇరవై మంది ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. పొద్దున్నే పోయి పత్తి తీసి వచ్చినవాళ్ళు. నాలుకలు పిడచకట్టి ఉన్నాయి. ఎవరో విప్పి ఉంచిన కుళాయిలోంచి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. అయినా ఎవరూ బిందె పెట్టలేదు. జక్రయ్య రాలేదు, మొదటి దోసెడు పడలేదు. చంకలో బిడ్డతో ఉన్న రెబ్కా బిడ్డ ఏడుస్తోందని కుళాయి వైపు వంగింది.

ఎలీసమ్మ ఆమెను ఆపిందట. "ఉండవే. ఆయన రాకపోతే ఆయన బదులు నేను లేనూ?" అని దోసిలి పట్టి ఒకటి తాగి, గొంతు తడవక, ఇంకోటి తాగిందట. పొద్దుటినుంచీ ఎండలో వంగి ఉన్న మనిషి. ముక్కుకు వాసన తెలిసేసరికి రెండో దోసెడు కూడా దిగిపోయింది.

"మందే. పారబోయండర్రా" అందట.

జక్రయ్య వచ్చేసరికి ఆమె చర్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చెమట. నోటివెంట నురగ. ఆయన ముందు కుళాయి కట్టాడు. తరవాతే ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆ తరవాత ఎన్నేళ్ళయినా ఈ వరస ఆయన్ను వదల్లేదు. ముందు కుళాయి, తరవాత ఎలీసమ్మ.

సంగతి తెలిసి యలమందయ్య ట్రాక్టరు తానే తోలుకొచ్చాడు. తన పరుపు తెచ్చి ట్రక్కులో పరిచి, పేట ఆసుపత్రిదాకా దారిపొడుగునా ఆమె తల ఒళ్ళో పెట్టుకు కూర్చోమని కోడలిని పంపాడు. డాక్టరు సూదుల మీద సూదులు వేశాడు. మర్నాడు పొద్దెక్కాక ఎలీసమ్మ ఒకసారి కళ్ళు తెరిచింది.

"బిందెలు బూడిదేసి తోమమను" అంది.

అదే ఆఖరి మాట. పల్లెలో మరొకరికి వాంతి కూడా కాలేదు.

భూస్థాపన అయిన మూడోనాడు కొత్త ఇంజనీరు వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయాడు. అప్పటికి లైనులో ఎన్నోసార్లు మంచినీళ్ళు పారాయి. సీసాలో ఏముంటుంది? నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని కాగితం వచ్చింది.

పంచాయతీ ఆఫీసులో కూర్చున్నారు. అందరికన్నా ముందు యలమందయ్యే లేచాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఎలీసమ్మ ఆ రోజంతా మా చేలోనే పత్తి తీసింది. ముందురోజే మందు కొట్టాం. నేనే రావద్దనాల్సింది. తప్పుంటే నాది, కుళాయిది కాదు. ట్యాంకును ఏమీ అనకండి."

ఆ మాటకు అందరి మనసులూ కరిగాయి. అంత పెద్ద రైతు తప్పు తనమీద వేసుకున్నాడు. అబద్ధమాడాలని కాదు, అతను నమ్మిందే చెప్పాడు. కానీ ఆ మంచితనం కిందే నిజం పూడిపోయింది.

జక్రయ్య లేచాడు. పావుగంట సంగతి ఎత్తలేదు. కిరసనాయిలు గొట్టం సంగతి, పల్లపు కుళాయి పీల్చే సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ఎడం అన్నప్పుడు కూడా నవ్వలేదు. ఇంజనీరు తలాడించాడు.

"ఇతను చెప్పేది సాంకేతికంగా కరెక్టేనండి. లాగేది చివరి కుళాయే."

జానకిరామయ్యగారు చాలాసేపు ఆలోచించారు. పద్నాలుగు ఇళ్ళలో గొట్టాలు తీయించడం ఈ దోమ రోజుల్లో అయ్యే పని కాదని, ఒక్క కుళాయి మూయడం తేలికని ఆయనకు తోచింది.

"జక్రయ్యా, నువ్వే చెబుతున్నావు, కింద కుళాయి ఉండబట్టే మందు వస్తోందని. అది మూసేద్దాం. మీ ప్రాణాల కోసమేనయ్యా."

ఎవరూ కాదనలేదు. పల్లె పెద్దలు కూడా భయం కొద్దీ తలలు ఊపారు. తన నోటి మాటతోనే తన కుళాయి పోయింది. తాను చెయ్యనంటే పేట నుంచి ఫిట్టరు వస్తాడు, అంతే తేడా. జక్రయ్య ఆ సాయంత్రం తానే వెళ్ళి, కుళాయి విప్పి, గొట్టం మూతికి జనపనార చుట్టి, తెల్లరంగు పూసి, బిరడా బిగించాడు. ఐదేళ్ళ కిందట మోకాళ్ళూనిన చోటే కూర్చుని బిగించాడు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూశారు. రెబ్కా చెంబుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళింది.

మర్నాటినుంచి పల్లె ఆడవాళ్ళు బిందెలు తీసుకుని మళ్ళీ మీదికి నడవాల్సి వచ్చింది. జ్ఞానప్రసూనాంబగారు మాత్రం పెరటి తలుపు తీసిపెట్టి, వచ్చి పట్టుకోండమ్మా అంది. పైకెత్తి పోయలేదు. కుళాయి వాళ్ళ చేతికే వదిలి, లోపలికి వెళ్ళి తన పని చూసుకుంది.

ఆ కుళాయి దగ్గర నిలబడ్డ రోజే జక్రయ్యకు తట్టింది. పల్లె కుళాయి మూసేశాక లైనులో అందరికన్నా పల్లం ఇదే. ఇక పీల్చే నోరు ఇది. ఊళ్ళో గొట్టాలు ఎక్కడివక్కడే మునిగి ఉన్నాయి. ఈసారి మందు వచ్చేది ఇక్కడికే.

ప్రెసిడెంటుగారితో చెప్పాలని పంచాయతీ ఆఫీసు దాకా వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగిపోయాడు. చెబితే ఆయన నమ్ముతారు. నమ్మి, ఏం చేస్తారో కూడా తెలుసు. దీన్నీ మూసేస్తారు. అప్పుడు పల్లెకు ఉన్న ఈ ఒక్క తలుపూ పోతుంది. దాని తరవాత ఇంకొకటి పల్లమవుతుంది. అంతు లేదు. గుమ్మం ముందు కాసేపు నిలబడి, నమస్కారం పెట్టి వెనక్కి వచ్చేశాడు.

జ్ఞానప్రసూనాంబగారికి ఒక్కరికే చెప్పాడు. ఆమె విని, కుళాయి వైపు చూసింది.

"మరి ఏం చేద్దాం జక్రయ్యా?"

"ఏముందండమ్మగారూ. నేను వచ్చేదాకా ఎవరూ బిందె పెట్టకుండా చూడండి. మీరూ పెట్టొద్దు."

ఇప్పుడు పొద్దున ఆరింటికి వాల్వు తిప్పి, ఆయన పల్లెదాకా వెళ్ళడు. పంతులుగారి పెరట్లో ఆగుతాడు. ఆడవాళ్ళు అప్పటికే వరసలో ఉంటారు. మునుపటిలా ఎవరూ నవ్వించే మాట అనరు. జక్రయ్య కుళాయి విప్పి, కాసేపు వదిలి, కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతాడు. దోసిలి పట్టి ముందు వాసన చూస్తాడు. తాగుతాడు. మింగాక వెంటనే పక్కకు జరగడు. ఎలీసమ్మకు రెండో దోసెడుదాకా తెలియలేదు కదా అని, అందరూ చూస్తుండగా ఇంకోటి కూడా తాగుతాడు.